నిజాం కొనిచ్చిన బాంబర్ ఇంకా ఉందా?

ప్రశ్న: మొదటి ప్రపంచ యుద్ధంలో మన ఉస్మాన్ అలీ ఖాన్ బ్రిటన్‌కు విమానాలు కొనిచ్చాడంటారు కదా, వాటిలో ఒక్కటైనా మిగిలిందా?

లండన్ హైదరాబాదీ: ఉందండీ, లండన్‌లోని హెండన్ వైమానిక దళ మ్యూజియంలో. డీహెచ్9ఏ రకం బాంబర్, నంబర్ ఎఫ్1010, బ్రిటన్ వైమానిక దళంలోని 110వ స్క్వాడ్రన్ (విమానాల దళం)ది. నేను దాని పక్కనే చాలాసేపు నిలబడ్డాను. పక్కన నిజాం కానుక అని రాసుంటుంది. ఎక్కేది ఇద్దరే: ముందు పైలట్, వెనక లూయిస్ గన్ అనే మెషిన్ గన్ పట్టుకుని అబ్జర్వర్. పైన కప్పే లేదు, ఆ చలి ఊహించుకోండి! 1918 అక్టోబర్ 5న జర్మనీ మీద దాడికెళ్లి తిరిగి రాలేదు. అందులో ఉన్న కెప్టెన్ ఇంగ్లిస్, బాడ్లీ ప్రాణాలతోనే బందీలయ్యారు.

ప్రశ్న: మరి లండన్‌కెలా చేరింది?

లండన్ హైదరాబాదీ: జర్మన్లు బెర్లిన్‌లో ప్రదర్శనకు పెట్టుకున్నారు. రెండో యుద్ధంలో పోలండ్‌కు చేరింది. 1977లో హెండన్ వాళ్లు అక్కడి క్రాకో మ్యూజియానికి ఓ స్పిట్‌ఫైర్ (రెండో యుద్ధం నాటి బ్రిటిష్ ఫైటర్ విమానం) ఇచ్చి దీన్ని తెచ్చుకున్నారు. స్పిట్‌ఫైర్‌లు బోలెడున్నాయిగా, నన్నడిగితే బేరం వీళ్లకే లాభం.

ఇంకొకరు: 1939 సెప్టెంబర్ 4న జర్మన్ యుద్ధనౌకల మీద తొలి దాడికి బ్లెన్‌హైమ్ బాంబర్లతో వెళ్లిందీ ఈ 110వ స్క్వాడ్రనే. కెన్నెత్ డోరన్ ముందుండి నడిపాడు.