బొమ్మల్లేని కథని గేమ్ అనొచ్చా? బెంగళూరు బ్యాచ్ కాస్త చెప్పండి

ఒంగోలు_పిల్ల:
మా ఆఫీసులో మొన్న రెండ్రోజులు గేమ్ జామ్ పెట్టారు, అంటే ఆ కాస్త టైంలోనే గేమ్ చేసి చూపించే పోటీ. నేను ట్వైన్ అని లింకులతో కథలు అల్లే సాఫ్ట్‌వేర్‌లో మా అమ్మమ్మ ఊరి కథ ఒకటి చేసి పట్టుకెళ్లా. ఆస్తి పంపకాల రోజు, ముగ్గురు మేనమామలు, ఒక ఇనప్పెట్టె, దాని తాళంచెవి నీ దగ్గరుంది, ఎవరికిస్తావు అన్నది పాయింటు. అంతా తెలుగే, బొమ్మల్లేవు, చదువుకుంటూ లింకులు నొక్కడమే. జడ్జి ఒకాయన రెండు నిమిషాలు చూసి "బానే ఉంది గానీ ఇది గేమ్ కాదమ్మా, క్లిక్ చేసే పీడీఎఫ్" అన్నాడు. అప్పట్నుంచి సిల్క్ బోర్డు దగ్గర ట్రాఫిక్‌లో కూచున్నా అదే ఆలోచన. అసలు కథ ఎక్కడ గేమ్ అవుద్ది? మీరు ఆడినవాటి గురించి చెప్పండి, తిట్టినా పర్లేదు.

బీటీఎం_బుజ్జి:
చాయిస్ ఉంటే గేమ్, లేకపోతే సినిమా. ఇందులో ఆలోచించేదేముంది అక్కా.

కేఆర్‌పురం_కిట్టు:
అంత సింపులేం కాదు గురూ. వైకుంఠపాళిలో నువ్వు ఎంచుకునేదేముంది చెప్పు? గవ్వలు వెయ్యడం, ఎన్ని పడితే అన్ని గళ్లు జరగడం, పాము మింగితే కిందికి పోవడం. ఒక్క నిర్ణయం కూడా నీది కాదు, అయినా శివరాత్రి జాగారానికి మా ఇంట్లో దాని మీద జుట్లు పట్టుకునేవాళ్లు. అది ఆట కాదని ఎవడన్నా అన్నాడా?

ఇటు చూస్తే బ్యాండర్‌స్నాచ్, మధ్యమధ్యలో ఏం జరగాలో మనల్నే ఎంచుకోమనే సినిమా. 2018 డిసెంబర్లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చినప్పుడు పీజీలో ఆరుగురం ఒకే ల్యాప్‌టాప్ ముందు కూచున్నాం. పొద్దున్నే ఫ్రాస్టీస్ తినాలా షుగర్ పఫ్స్ తినాలా అని మొదటి ప్రశ్న, పది సెకన్లు టైం, మేం అది ఇది అని అరుచుకునేలోపు అదే ఒకటి తీసుకుని వెళ్లిపోయింది. అంటే మనం లేకపోయినా దాని బండి నడుస్తుంది. అన్ని చాయిస్‌లున్నా 2019లో ఎమ్మీ టీవీ అవార్డుల్లో బెస్ట్ టీవీ సినిమా అని కూడా దానికే ఇచ్చారు.

పాత_ల్యాబ్_సార్:
బొమ్మల్లేవు కాబట్టి గేమ్ కాదు అనేవాళ్లకి జోర్క్ అనే పాత కంప్యూటర్ గేమ్ చూపించమ్మా. 1980లో ఇన్ఫోకామ్ వాళ్లు అమ్మకానికి తెచ్చారు. తెరంతా అక్షరాలే. ఉత్తరానికి వెళ్లు, దీపం వెలిగించు అని మనం ఇంగ్లీషులో టైపు చెయ్యాలి. చీకట్లో దీపం లేకుండా తిరిగితే గ్రూ అనేదొకటి తినేస్తుంది, పైగా ఆ దీపం కూడా కాసేపటికి ఆరిపోతుంది. మొత్తం 350 పాయింట్లు. కాలేజీ ల్యాబ్‌లో రికార్డు రాయడం మానేసి ఆ చీకట్లో ఎన్నిసార్లు చచ్చానో లెక్కలేదు.

మారతహళ్లి_మామ:
సార్, అందులో చావుంది, స్కోరుంది. ఈ అమ్మాయి కథలో ఓడిపోయేదెక్కడ? ఓటమి లేనిదాన్ని ఆట అనడానికి నాకు నోరు రాదు, జడ్జి కరెక్టే.

అర్ధరాత్రి_బిల్డ్:
మామా, నేను ఇక్కడే ఒక చిన్న స్టూడియోలో టెస్టింగ్ చేస్తా, మా క్యాంటీన్లో రోజూ ఇదే గోల. వాట్ రిమైన్స్ ఆఫ్ ఎడిత్ ఫించ్ అనే గేమ్ ఆడారా? అందులో స్కోరు లేదు, ఓటమి లేదు, కథ ఎటు పోవాలో మనం తేల్చేదీ లేదు. అయినా 2018లో బ్రిటన్‌లో అవార్డులిచ్చే బాఫ్టా వాళ్లు బెస్ట్ గేమ్ అదే అన్నారు. ఎందుకో నాకు ఒక్క సీన్‌తో అర్థమైంది. లూయిస్ అనేవాడు చేపల ఫ్యాక్టరీలో పని చేస్తుంటాడు. కుడిచేతిలో మౌస్‌తో చేపని లాగాలి, కత్తి కింద పెట్టాలి, తల తెగ్గానే పక్కకి తొయ్యాలి, మళ్లీ ఇంకో చేప. అదే టైంలో ఎడమచేత్తో వాడి పగటికలలో వాణ్ణి నడిపించాలి. మెల్లగా ఆ కల పెరిగి పెరిగి తెరంతా నిండిపోద్ది, ఫ్యాక్టరీ కనపడదు, కానీ కుడిచెయ్యి మాత్రం దానంతటది చేపలు కోస్తూనే ఉంటది. వాడి పరధ్యానం నా చేతికొచ్చింది మామా, ఇదే యూట్యూబ్‌లో చూస్తే ఏమీ అనిపించదు. నా రూమ్మేట్ చూసి "ఏంట్రా ఈ సోది" అన్నాడు, కీబోర్డు వాడి చేతికిస్తే పది నిమిషాలు మాట్లాడలా.

వెన్బా అనే గేమ్ కూడా అంతే. 2023లో వచ్చింది, 1988లో కెనడా వెళ్లిన తమిళ కుటుంబం కథ. అమ్మ రాసిచ్చిన వంటల పుస్తకం చిరిగిపోయి ఉంటది, ఇడ్లీ ప్లేట్లు ఎలా పేర్చాలో మనమే కనిపెట్టాలి. తప్పు చేస్తే కొంపలేం మునగవు, మళ్లీ చేస్తాం. కానీ నువ్వు చెయ్యి పెట్టకపోతే ఇడ్లీ ఉడకదు, కథ కదలదు.

మారతహళ్లి_మామ:
పేజీ తిప్పకపోతే నవల కూడా కదలదు కదయ్యా.

అర్ధరాత్రి_బిల్డ్:
పేజీ ఎలా తిప్పావో నవలకి అనవసరం మామా.

బీటీఎం_బుజ్జి:
అయితే భేతాళ కథలు కూడా గేములేనా? చివర్లో ప్రశ్న ఉంటది కదా.

కేఆర్‌పురం_కిట్టు:
విక్రమార్కుడికి గేమే రా బుజ్జీ, అదీ మహా కంత్రీ గేమ్. తెలిసీ చెప్పకపోతే తల పగులుద్ది, చెప్తే మౌనం పోయి శవం మళ్లీ చెట్టెక్కుద్ది. చదివే మనకేముంది, పళ్లీలు తింటూ పేజీ తిప్పుతాం.

ఒంగోలు_పిల్ల:
పళ్లీలు కాదు, వేరుశెనక్కాయలు. సరే, లింకు పెడుతున్నా, ఆడి చెప్పండి.

మారతహళ్లి_మామ:
ఆడానమ్మా, రెండుసార్లు. పెద్దమామ ఏడ్చే చోటు నిజంగా బాగుంది. కానీ రెండోసారి నేను తాళంచెవి బావిలో పడేశా, అయినా చివర్లో చిన్నమామ పెట్టె అదే తాళంచెవితో తెరిచాడు. ఇదెట్లా?

ఒంగోలు_పిల్ల:
అయ్యో మామా. బావి దగ్గర వేరియబుల్, అంటే తాళంచెవి ఎక్కడుందో గుర్తుపెట్టుకునేది, మార్చడం మర్చిపోయా. ఏం నొక్కినా ఒకే చోటికి పోతోందన్నమాట. జడ్జి కూడా బావి దారే పట్టాడు, ఇప్పుడు గుర్తొస్తోంది.