పదమూడేళ్లు ఒకే కంపెనీ, ఇప్పుడు రిజైన్ పెట్టమంటున్నారు. ఏం చెయ్యాలి, ఎలా తట్టుకోవాలి?

మణికొండవాసి:
అందరికీ నమస్తే. కొంచెం పొడుగైతే ఏమనుకోకండి. హైదరాబాద్‌లో ఒక పెద్ద ఐటీ కంపెనీలో 13 ఏళ్లుగా చేస్తున్నా, క్యాంపస్‌లో తీసుకున్నారు, అప్పట్నుంచి ఇంకో ఆఫీసు మెట్లెక్కలేదు. మధ్యలో బయట మంచి ఆఫర్లే వచ్చాయి, కానీ మేనేజర్ "నువ్వెళ్తే ప్రాజెక్ట్ కష్టం" అనేసరికి ఉండిపోయా. కోవిడ్ సెకండ్ వేవ్‌లో టీమ్‌లో చాలామంది మంచాన పడితే వాళ్ల పని కూడా మేమే నెత్తినేసుకున్నాం, ఎవరూ చెయ్యమనలేదు, మన టీమ్ కదా అని చేశాం అంతే. ఇప్పుడు క్లయింట్ కాంట్రాక్ట్ పోయింది, కొన్నాళ్లు బెంచ్ మీద, అంటే ఏ ప్రాజెక్టూ లేకుండా ఖాళీగా పెట్టారు, పోయిన వారం హెచ్ఆర్ కాల్ చేసి రిజైన్ పెడితే మూడు నెలల జీతం, క్లీన్ రిలీవింగ్ లెటర్ ఇస్తాం, లేదంటే టర్మినేట్ చేస్తాం అన్నారు. ఆ కాల్‌లో ఉన్నావిడ నా పేరు కూడా సరిగ్గా పలకలేదు.

ఫ్లాట్ ఈఎంఐ, పాప స్కూల్ ఫీజు భయం ఎలాగూ ఉంది. కానీ రాత్రిళ్లు నిద్ర పట్టనిది దానికి కాదు, ఇన్నేళ్లు నాది అనుకున్న చోట నేను ఎవరికీ ఏమీ కానా అని. మా ఆవిడకి చెప్పా, తెనాలిలో అమ్మానాన్నకి ఇంకా చెప్పలేదు. రిజైన్ పెట్టాలా వద్దా? ఇలాంటిది దాటొచ్చినవాళ్లు ఎలా దాటారు?

పేరోల్ పద్మ:
తమ్ముడూ, హెచ్ఆర్ మళ్లీ కాల్ చేస్తే ముందు ఏ మాటా ఇవ్వకు, "ఆలోచించుకోవాలి, అన్నీ మెయిల్‌లో పెట్టండి" అను. నేను చాలా ఏళ్లు పేరోల్‌లో చేశా కాబట్టి చెప్తున్నా, నోటిమాటగా చెప్పిన మూడు నెలలు ఎఫ్ అండ్ ఎఫ్ (చివరి లెక్క సెటిల్‌మెంట్) వచ్చేసరికి బేసిక్ మీద మూడు నెలలు అయిపోతుంది, అలవెన్సులన్నీ కలిపిన గ్రాసా, ఒట్టి బేసికా అన్నది రాయించుకోవాలి. నువ్వే రిజైన్ పెడితే కాగితం మీద అది నీ ఇష్టంతో వెళ్లినట్టు లెక్క, రేపు లేబర్ ఆఫీసుకి వెళ్లినా కష్టమవుతుంది, లోన్‌తో పాటు జాబ్ లాస్ ఇన్సూరెన్స్ తీసుకుని ఉంటే మామూలుగా రిజైన్ చేసినవాళ్లకి అది రాదు. అలాగని టర్మినేషనే మంచిదని కూడా అనను, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో తలనొప్పి ఉంటుంది. చాలామంది అడిగి సాధించుకునేది ఏంటంటే రిజైన్ పెట్టినా, కంపెనీ కోరిక మీద వెళ్తున్నట్టు సెటిల్‌మెంట్ లెటర్‌లో ఒక లైన్. సంతకం పెట్టేముందు ఒక లేబర్ లాయర్‌కి చూపించు, ఆ ఫీజు దండగ కాదు.

గ్రాట్యుటీ మాత్రం నువ్వు వెళ్లినా వాళ్లు పంపినా నీ హక్కు, అది వాళ్లిచ్చే ప్యాకేజీలో భాగం కాదు. చివరి బేసిక్‌ని 26తో భాగించి, 15తో, సర్వీస్ ఏళ్లతో గుణించు. బేసిక్ 60 వేలైతే 13 ఏళ్లకి నాలుగున్నర లక్షలు. 30 రోజుల్లో ఇవ్వాలి. మిగిలిన జీతం రెండు పనిదినాల్లో ఇచ్చెయ్యాలని 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకొచ్చిన వేతనాల కోడ్‌లో ఉంది.

ఇంకోటి, అందరూ మర్చిపోయేది. అమ్మానాన్న కంపెనీ హెల్త్ పాలసీలో ఉన్నారా? నీ లాస్ట్ వర్కింగ్ డేతో అది పోతుంది. ఆ లోపే అదే ఇన్సూరెన్స్ కంపెనీలో సొంత పాలసీకి మార్చమని అడుగు, బీపీ షుగర్‌లకి మళ్లీ మొదట్నుంచి వెయిటింగ్ పీరియడ్ పడకుండా చూసుకోవచ్చు.

కోడ్‌వీరుడు:
బ్రో కంపెనీకి లాయల్టీ ఏంటి, రెండేళ్లకోసారి మారిపోవాలి, ఇది అందరికీ తెలిసిందే కదా.

పాత డెలివరీ మేనేజర్:
పైన తమ్ముడికి చెప్పేది, మారినవాళ్లు కూడా పోతున్నారు, కొత్తగా చేరినవాళ్లని ప్రొబేషన్‌లోనే పంపేసిన చోట్లు చూశా. కాబట్టి ఆయన ఉండిపోవడం వల్లే ఇదంతా అనడం న్యాయం కాదు.

మణికొండ గారూ, ఆ లిస్టు ఎలా తయారవుతుందో తెలిస్తే మీ మనసు కొంచెం కుదుటపడొచ్చు. ముందు పైనుంచి ఒక నంబర్ వస్తుంది, ఈ క్లయింట్ అకౌంట్‌లో ఇంత ఖర్చు తగ్గాలి అని. తర్వాత ఎక్సెల్‌లో బెంచ్ మీద ఎవరున్నారు, ఎవరి జీతం క్లయింట్ ఇచ్చే రేటుకి దగ్గరైపోయింది అని ఫిల్టర్ పెడతారు. పదేళ్లు దాటినవాళ్ల జీతం పెరుగుతూ పోతుంది, క్లయింట్ రేటు పెరగదు, అందుకే అక్కడ మీలాంటివాళ్లే పడతారు. 2025 జూలైలో టీసీఎస్ దాదాపు రెండు శాతం, అంటే 12 వేల పైచిలుకు మందిని తగ్గిస్తామన్నప్పుడు కూడా ఎక్కువగా మిడిల్, సీనియర్ లెవెల్సే అన్నారు. సెకండ్ వేవ్‌లో మీరు చేసింది రాసే కాలమ్ ఆ షీట్‌లో లేదు. అంటే మీ పనిని ఎవరూ తూచి తక్కువని తేల్చలేదు, అసలు ఎవరూ చూడలేదు. అది ఇంకా బాధే అనుకోండి, కానీ మీ విలువ మీద తీర్పు మాత్రం కాదు.

అప్పుడు ఎవరి పని మీరు చేశారో వాళ్లకి గుర్తుంటుంది. వాళ్లలో సగం మంది ఈపాటికి వేరే కంపెనీల్లో ఉంటారు. నౌక్రీ లాంటి జాబ్ సైట్లలో అప్లై చేసేముందు వాళ్లకి ఫోన్ చెయ్యండి, మెసేజ్ కాదు, ఫోన్. మీ వయసులో ఎక్కువ ఉద్యోగాలు రిఫరల్‌తోనే వస్తాయి.

డాలస్ బాబాయ్:
నేను 2023లో ఇక్కడ అమెరికాలో లేఆఫ్ అయ్యా. హెచ్1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకి ఉద్యోగం పోయాక 60 రోజులే, ఆ లోపు ఇంకో కంపెనీ పిటిషన్ వెయ్యాలి లేదా స్టేటస్ మార్చుకోవాలి లేదా సర్దుకుని వెళ్లిపోవాలి. నీకు ఆ గడియారం లేదు, మన ఊళ్లోనే ఉన్నావు, అది చిన్న విషయం కాదు నాన్నా. అమ్మానాన్నకి చెప్పెయ్. నేను మొదటి రోజే చెప్పేశా, మా నాన్న కాసేపు మాట్లాడలేదు, తర్వాత చేతిలో ఎన్ని నెలలకి డబ్బుందో అడిగారు. ఆ తర్వాత రోజూ సాయంత్రం ఫోన్ చేసి ఈరోజు ఎవరితో మాట్లాడావు అని అడిగేవారు, ఆయనకి చెప్పడానికైనా రోజుకొకరికి ఫోన్ చేసేవాణ్ణి.

మణికొండవాసి:
అందరికీ థ్యాంక్స్. పద్మక్కా, అమ్మానాన్న కంపెనీ పాలసీలోనే ఉన్నారు, నాన్నకి స్టెంట్ వేశారు, ఇది అసలు తట్టలేదు నాకు. హెచ్ఆర్‌కి మెయిల్ పెట్టా, గ్రాసా బేసికా, లెటర్‌లో ఏం రాస్తారు, పాలసీ ఎలా మార్చుకోవాలి అని. శనివారం తెనాలి వెళ్తున్నా, ఇంట్లో చెప్పేస్తా. బయటికెళ్లిన పాత టీమ్‌మేట్స్ ఇద్దరితో మాట్లాడా, ఒకరు వెంటనే రెజ్యూమె పంపమన్నారు.

పేరోల్ పద్మ:
మంచిది. హెచ్ఆర్ జవాబు నీ పర్సనల్ మెయిల్‌కి కూడా వచ్చేలా సీసీ పెట్టమను, ఆఫీస్ మెయిల్ ఏ రోజు ఆపేస్తారో చెప్పలేం. పేస్లిప్స్, ఫామ్ 16లు (జీతంలో కోసిన ట్యాక్స్ సర్టిఫికెట్లు) ఇవాళే డౌన్‌లోడ్ చేసుకో. నాన్నగారి స్టెంట్ తాలూకు డిశ్చార్జ్ సమ్మరీ తెనాలి నుంచి తెచ్చుకో, కొత్త పాలసీకి అడుగుతారు.