ఫిబ్రవరిలో ఈశాన్య గాలి ఉండగానే మన తీరం వెంట నీరు ఉత్తరానికి ఎలా పోతుంది?

ప్రశ్న:
సముద్ర ప్రవాహాలకు గాలే మూలమని పుస్తకాల్లో ఉంది. కానీ ఆంధ్ర తీరం వెంట ఫిబ్రవరిలోనే ప్రవాహం ఉత్తరానికి మళ్లి, మార్చి, ఏప్రిల్‌లో జోరందుకుంటుంది. నైరుతి గాలి ఇంకా రానే లేదు కదా, ఇదెలా? మన వానలకీ తుపాన్లకీ ప్రవాహంతో సంబంధం ఉందా?

జవాబు 1:
ముందు పేర్లు సరిచూసుకోండి. గాలికి అది వచ్చే దిక్కు పేరు, ప్రవాహానికి పోయే దిక్కు పేరు. సగం తికమక ఇక్కడే.

గాలే మూలం, అయితే ఒడ్డున వీచే గాలి ఒక్కటే కాదు. భూభ్రమణం వల్ల మన అర్ధగోళంలో కదిలే నీరు కుడికి మళ్లుతుంది. గాలి తోసే పైపొరలన్నీ కలిపి లెక్కేస్తే నీరు గాలికి లంబంగా, కుడివైపుకి చేరుతుంది. ఆ నెలల్లో బంగాళాఖాతం నడుమ అలా నీరు పోగై మట్టం కొన్ని సెంటీమీటర్లు లేస్తుంది. ఆ మిట్ట చుట్టూ నీరు గడియారం ముల్లులా తిరుగుతుంది. దాని పడమటి అంచే మీరడిగిన ప్రవాహం.

జవాబు 2:
దీనికి ఇంకొకటి కలపాలి. భూమధ్యరేఖ దగ్గర గాలి మారితే ఒక పొడవాటి అల సుమత్రాను తాకి, ఒడ్డును కుడిచేతి వైపు ఉంచుకుని అండమాన్ సముద్రం, మయన్మార్, బంగ్లాదేశ్, ఒడిశా చుట్టి కొన్ని వారాల్లో మన దగ్గరికొస్తుంది. కెల్విన్ అల అంటారు. కంటికి కనిపించదు. ఒడ్డున మట్టం తగ్గిస్తే ప్రవాహం ఉత్తరానికి, పెంచితే దక్షిణానికి. అక్టోబరు నుంచి జనవరి దాకా దక్షిణానికి పోవడంలో దీని పాత్ర పెద్దది.

జవాబు 3:
వాతావరణం సంగతికొస్తే అసలు కీలకం ఉప్పు. మామూలు సముద్రంలో కిలో నీటికి సుమారు 35 గ్రాములు. వానాకాలం తర్వాత గంగ, బ్రహ్మపుత్రల నీటితో బంగాళాఖాతం ఉత్తరాన అది 30 కంటే తగ్గుతుంది. నవంబరులో బలంగా దక్షిణానికి పోయే ప్రవాహం ఆ తేలిక నీటిని సన్నటి పట్టీలా మన తీరం వెంట దించుతుంది. పైన తేలిక నీరుంటే గాలి ఎంత కలియబెట్టినా అడుగు చల్లదనం సులువుగా పైకి రాదు. ఆ వెచ్చదనమే తుపానుకు మేత. అరేబియా సముద్రంలో ఆవిరి ఎక్కువ, ఉప్పు ఎక్కువ. నైరుతి గాలికి అక్కడ పైనీరు బాగా చల్లబడుతుంది.

పిల్లలకు చూపాలంటే: లీటరు నీటిలో 35 గ్రాముల ఉప్పు కరిగించి, నీలిసిరా చుక్కలు వేసి గాజు గిన్నెలో పోయండి. గరిటె వెనుకవైపు నుంచి మంచినీరు మెల్లగా రెండు వేళ్ల మందాన పోయండి. టేబుల్ ఫ్యాన్ గాలి తగలనివ్వండి. నీలిరంగు కిందే ఉంటుంది. ఉప్పు లేకుండా చేస్తే చాలా త్వరగా కలిసిపోతుంది. ఎత్తు నుంచి పోస్తే మాత్రం పొర ఏర్పడదు.

ప్రశ్న అడిగినవారు:
మరి జులైలోనూ నీరు వెచ్చనే కదా, అప్పుడు పెద్ద తుపాన్లు ఎందుకు తక్కువ?

జవాబు 3:
ఆ నెలల్లో కింద నైరుతి గాలి, పైన తూర్పు గాలి బలంగా వీస్తాయి. లేచిన మేఘం నిలువుగా నిలబడలేక వాలిపోతుంది.