ఈ వెండి నాణెం ఖుస్రోదా, అరబ్బులదా?

పాత నాణేలు తెలిసినవాళ్లు కాస్త చూసి చెప్పండి. మామయ్య డబ్బాలో దొరికింది. అప్పడంలా పల్చగా ఉంది, బరువు 4.1 గ్రాములు. ఒకవైపు గడ్డం రాజు, కిరీటానికి రెండు రెక్కలు. వెనక అగ్నివేదిక, అటూ ఇటూ ఇద్దరు మనుషులు. పాత ఇరాన్‌ను ఏలిన ససానియన్ రాజులు నాణేలపై ఎవరి కిరీటం వాళ్లు వేయించుకునేవారు కదా, రెక్కల్ని బట్టి 590–628 మధ్య ఏలిన రెండో ఖుస్రో అనుకుంటున్నా.

నా డౌటల్లా ఒక్కటే. ఇరాన్‌ను గెలిచిన అరబ్బులు కూడా కొన్నేళ్లు ఇదే బొమ్మతో కొట్టించి, అంచులో ‘బిస్మిల్లా’ చేర్చారు. నా దాంట్లో రాజు భుజం కింద, కుడి అంచున ఏవో గీతలున్నాయి. అక్షరాలో గీరుడో తేలట్లేదు.

వేదికకు ఎడమన ఏడాది, కుడిన టంకశాల గుర్తు పహ్లవీలో, అంటే ఆనాటి ఇరాన్ లిపిలో, ఉంటాయి. ఫొటో పెడితే చదవగలరా? చింతపండుతో తోమేద్దామని ఇంట్లో ఒకటే గోల, ఇప్పటికైతే ఆపాను.