అసువులు ‘బాసిరా’, ‘వాసిరా’? బ్లెన్‌హైమ్ వైమానికుల మీద ఒక పాదం

శారద: 1942 ఏప్రిల్ 9న సింహళం తూర్పు తీరానికి ఆవల జపాను నౌకాదళం మీద దాడికి వెళ్లి తిరిగిరాని బ్రిటిష్ బ్లెన్‌హైమ్ బాంబర్ల గురించి వ్యాసం రాస్తున్నాను. విశాఖలో మా తాతగారు ఆ వైమానికుల మాట వచ్చినప్పుడల్లా ‘నింగి నుండి రాలి నడిసంద్రమున నసువులు బాసిరి’ అని చదివేవారు. ఇది ఎవరి పద్యమో తెలిసినవారు చెప్పగలరు. ఆయన ‘బాసిరి’ అన్నారో ‘వాసిరి’ అన్నారో కూడా ఇప్పుడు సందేహంగానే ఉంది.

రామమూర్తి: కర్త సంగతి తరువాత చూద్దాం కాని, వ్యాకరణం ప్రకారం అక్కడ ‘వాసిరి’ అనే ఉండాలి. ‘అసువులు’ జడం (అచేతనాన్ని చెప్పే పదం) గనుక ద్వితీయకు ప్రథమ వచ్చింది. ప్రథమ మీది పరుషానికి గసడదవాదేశం, అంటే ‘పాసిరి’లోని ‘ప’ ‘వ’ అవుతుంది. ‘వారు వోరు’ ఎలాగో ‘అసువులు వాసిరి’ అలాగే. పత్రికల్లో రోజూ చూసే ‘అసువులు బాసిరి’ రెండు సంధుల కలగాపులగం.

సుభద్ర: బాలవ్యాకరణంలో చిన్నయసూరి ఈ ఆదేశాన్ని బహుళమన్నాడని (రావచ్చు, రాకపోవచ్చు) మరిచిపోకండి, రామమూర్తి గారూ, ఆ లెక్కన ‘పాసిరి’ కూడా నిలుస్తుంది. అయినా అసువులంటే ప్రాణాలే కదా, ప్రాణాన్ని జడమని ఏ నోటితో అంటాం?

రామమూర్తి: వ్యాకరణంలో జడత్వం వేదాంతంలోని జడత్వం కాదమ్మా.

వెంకటేశ్వర్లు: ‘సంద్రమున నసువులు’ అని ద్రుతాన్ని (చివరి నకారాన్ని) అంత జాగ్రత్తగా నిలిపిన కవి రెండడుగులు దాటగానే దాన్ని వదిలేస్తాడా? మూలంలో ‘అసువులఁ బాసిరి’ అని అరసున్నతో ఉండి ఉంటుంది. చెవిన పడేటప్పటికి ‘ల’ కాస్తా ‘లు’ అయింది. అప్పుడు ద్రుతం మీది ‘ప’ ‘బ’ అయ్యే సరళాదేశమే గాని గసడదవల ప్రసక్తి లేదు. ఇక ‘నడిసంద్రము’ అనుమానించదగ్గది. ఇది ఆటవెలది. నింగి, నుండి, రాలి అని మూడు సూర్యగణాలు సరిపోయాయి. నాలుగో గణం మొదట ‘న’ ఉంటే ‘నిం’తో యతి కుదరదు. ‘నిండుసంద్రము’ అని చదివి చూడండి: ‘నిండుసం’ రగణం, ‘ద్రమున న’ నలం, రెండూ ఇంద్రగణాలే; రెండో పాదానికి ‘సువులఁ’, ‘బాసి’ సూర్యగణాలు. యతీ గణాలూ రెండూ కుదిరాయి.

సుభద్ర: బాగుంది, కాని ‘వాసి’ అన్నా ‘పాసి’ అన్నా గణం అదే గనుక ఆటవెలది మన తగవు తీర్చదు. ఆ అక్షరం యతిస్థానంలో ఉన్నా లాభం ఉండేది కాదు, యతిలో బ, వలకు అభేదం.

శారద: తాతగారు ‘నడిసంద్రము’ అనే అనేవారు, అందులో నాకు సందేహం లేదు.

కృష్ణప్రసాద్: అక్షరాల కన్నా అర్థం చూడవలసిన చోటు ఇది. ఆ రోజు కొలంబోలో గుర్రప్పందేల మైదానాన్నే విమానాశ్రయంగా వాడుకుంటున్న 11వ స్క్వాడ్రన్ విమానాలు తొమ్మిది, వెంట ఒక్క ఫైటరైనా లేకుండా శత్రునౌకల మీదికి చేరాయి. బాంబులు జపాను విమానవాహక నౌక అకాగీ పక్కన నీళ్లలో పడి పైకి చిమ్మేదాకా జపాను వారు వీటి రాకను పసిగట్టలేదు. ఒక్క బాంబూ తగలలేదు. తొమ్మిదింటిలో ఐదు తిరిగిరాలేదు. ఒక్కో విమానంలో ముగ్గురు: పైలట్, ముందు గాజుముక్కులో నావిగేటర్, వెనక టరెట్‌లో రేడియో కూడా చూసుకునే గన్నర్. పైలట్ చూపుకు అడ్డురాకుండా ఆ గాజుముక్కును ఎడమవైపు గరిటెతో తోడినట్లు పల్లంగా చేశారు. అలాంటివారిని ‘పాయు’ అన్న క్రియకు కర్తలను చేస్తే, ప్రాణాలను వారే విడిచి వెళ్లినట్లు ధ్వనించదా? ‘నేలకొరిగారు’ అందామంటే అక్కడ నేలే లేదు.

రామమూర్తి: క్రియ కర్త ఇష్టాన్ని సూచించాలనే నియమం ఎక్కడుందండీ? ‘ఊపిరి విడిచాడు’ అంటే కావాలని విడిచాడనా? ద్రోణపర్వంలో అభిమన్యుడు లోపలికి దూరే ఘట్టాన్ని తిక్కన ఎంత నిబ్బరంగా నడిపిస్తాడో మళ్లీ చదవండి. ఈ తొమ్మిది విమానాలదీ పద్మవ్యూహమే. కాకపోతే వీటిలో నాలుగు బయటపడ్డాయి.

సుభద్ర: తిక్కన పేరు వచ్చాక రామమూర్తి గారు ఇక ఆగరు. నాకైతే ‘గల్లంతు’ సరైన మాటగా తోస్తుంది. ఆచూకీ దొరకని వైమానికులను సైన్యం మొదట చనిపోయినవారిలో చేర్చదు. గల్లంతైనవారిగా రాసుకుని, కొంతకాలం గడిచాకే మృతులుగా భావిస్తుంది. తూర్పు ఆసియా, దక్షిణాసియా రంగాల్లో సమాధి దొరకని వైమానికుల పేర్లు సింగపూర్‌లోని క్రాంజీ స్మారకం మీద చెక్కి ఉన్నాయి.

వెంకటేశ్వర్లు: ‘గల్లంతు’ ఆటవెలదిలో ఇమడదు.

సుభద్ర: ‘గల్లం’ రెండు గురువులు కాబట్టి సూర్యగణంలో ఇమడదు, నిజమే. ఇంద్రగణంగా ‘గల్లంతు’ తగణం. మొదటి పాదం చివర హాయిగా కూర్చుంటుంది.

కృష్ణప్రసాద్: శారద గారూ, ఏప్రిల్ 6న జపాను విమానవాహక నౌక ర్యూజో నుంచి లేచిన విమానాలు విశాఖ, కాకినాడల మీద బాంబులు వేశాయి కదా, మూడు రోజుల తరువాతి ఈ బ్లెన్‌హైమ్‌ల సంగతి మీ ఊళ్లో చెప్పుకోవడానికి కారణం అదే అనుకుంటాను. ఆ రోజుల స్థానిక పత్రికల్లో ఈ పద్యం కోసం వెతికారా?

శారద: ఇంకా లేదు. వ్యాసంలో ప్రస్తుతానికి ‘అసువులఁ బాసిరి’ అని అరసున్నతో వేస్తున్నాను, ‘నడి’ని మాత్రం మార్చను.

రామమూర్తి: అరసున్న వేస్తే కింద ‘వాసిరి’ అని పాఠాంతరం కూడా చూపించండి.