‘ఇస్తినమ్మ వాయనం’ అన్న మాటలోని భూతకాలం గురించి

గుంటూరులో శ్రావణ మంగళవారపు పేరంటాలలో వినిపించే ‘ఇస్తినమ్మ వాయనం’ అన్న మాట ‘ఇస్తానమ్మ’కు అపభ్రంశమా అని ఈ చర్చలో అడిగారు. కాదు. ‘ఇచ్చితిని’ అన్న భూతకాల రూపమే వాడుకలో ‘ఇస్తిని’ అయింది. దానికి ‘అమ్మ’ చేరినప్పుడు చివరి ఇకారం సంధిలో పోయింది. ‘పుచ్చుకుంటినమ్మ’ కూడా అంతే. రాయలసీమలో ‘వస్తిని, పోతిని’ అనడం నేటికీ ఉన్నది గాని, మన వైపు మామూలు మాటల్లో ‘ఇచ్చాను’ అనే అంటాము. పాతరూపం పేరంటంలో మిగిలింది.

అసలు విశేషం ఆ భూతకాలంలోనే ఉన్నది. శనగలు, తాంబూలం, రవికల గుడ్డ ఉన్న పళ్ళెం ఇంకా ఇద్దరి చేతుల్లో ఉండగానే ఒకరు ఇచ్చానంటారు, మరొకరు పుచ్చుకున్నానంటారు. ఇవ్వడం ఆ పలుకుతోనే పూర్తవుతుంది. ఆపైన ‘నా వాయనం అందుకున్నదెవరు?’ అని అడిగితే ఎదుటావిడ తన పేరు చెప్పదు, ‘నేనే మంగళగౌరిని’ అంటుంది. పొద్దున నీళ్ళ మోటారు విషయంలో మాటామాటా అనుకున్న పై వాటా ఆవిడైనా సరే, ఆ క్షణాన గౌరే, ఆమెకు నమస్కరించవలసిందే. ఆదరం ముందే ఉండనక్కరలేదు, ఆ నమస్కారంలోనే అది పుడుతుంది.

మానవశాస్త్రవేత్త రాడ్‌క్లిఫ్-బ్రౌన్ అండమాన్ దీవుల ఆదివాసుల గురించి 1922లో ప్రచురించిన అధ్యయనంలో ఇటువంటిదే చెప్పారు. చాలాకాలానికి కలుసుకున్న ఆప్తులు ఒకరినొకరు కౌగిలించుకొని ఏడవడం అక్కడి ఆచారం. ఆ ఏడుపు దానంతటది పొంగుకొచ్చేది కాదనీ, సందర్భం విధించినదనీ, దాన్ని పాటించడం వల్లనే అనుబంధం మళ్ళీ గట్టిపడుతుందనీ ఆయన వివరణ. మన దగ్గర కన్నీళ్ళకు బదులు నానబెట్టిన శనగలు, అంతే తేడా.

అయితే ‘పుచ్చుకుంటినమ్మ’ అనే అధికారాన్ని ఆచారం ముత్తైదువకే ఇచ్చింది. ఏళ్ళ తరబడి ఆ మాట పలికిన స్త్రీని భర్త పోయిన తరువాతి శ్రావణంలో ఎవరూ బొట్టు పెట్టి పిలవరు. పక్కింట్లో ఆ ప్రశ్నోత్తరాలు సాగుతుంటే ఆమె తన ఇంట్లో కూర్చొని వింటుంది. వాయనం గొప్పదనాన్ని వర్ణించేవారు ఈ సంగతిని దాటవేయడం నాకు సమ్మతం కాదు. కొన్ని ఇళ్ళలో ఇప్పుడు ఆమెనూ పిలుస్తున్నారు.

కొందరు ‘పుచ్చుకుంటినమ్మ’కు బదులు ‘అందుకుంటినమ్మ’ అంటారు. విజయవాడ వైపు సభ్యుల ఇళ్ళలో ఏది వాడుకలో ఉన్నదో తెలుపగలరు.