సాయం చెడగొడుతుందా? జోన్ మెకార్డ్ చేసిన పని మీద చర్చ

లెక్కల మాస్టారు:
పిల్లవాడు దొంగతనంలో దొరికితే "పెంపకం అలాంటిది" అనేస్తాం. అమెరికా సామాజిక శాస్త్రవేత్త జోన్ మెకార్డ్ దశాబ్దాల పాటు ఆ మాటనే పరీక్షకు పెట్టారు. 1939లో, పిల్లలు నేరాల దారి పట్టకుండా చూద్దామని వేరేవాళ్లు మాసచూసెట్స్‌లోని కేంబ్రిడ్జ్, సోమర్‌విల్ పట్టణాల్లో 506 మంది మగపిల్లలను ఈడు, కుటుంబం వగైరా చూసి జతలు కట్టారు. జతలో ఒకడికి చదువు చెప్పించడం, వైద్యం, వేసవి శిబిరాలు, నెలకు సుమారు రెండుసార్లు కార్యకర్త ఇంటికి రావడం. రెండోవాడికి ఏమీ లేదు. ముప్పై ఏళ్ల తర్వాత మెకార్డ్ వాళ్లందరినీ వెతికించి, 1978లో ఫలితం ప్రకటించారు. మళ్లీ నేరం చేయడం, తాగుడు, త్వరగా చనిపోవడం సాయం అందినవాళ్లలోనే ఎక్కువట! ఇది విన్నాక పిల్లల కోసం ఎవరైనా చందా ఇస్తారా?

గోదారి గట్టు:
చందాల కోసం నిజం దాచాలా మాస్టారూ? ఆ సాయం తమకు పనికొచ్చిందని మూడింట రెండొంతుల మంది చెప్పారు. ఆ మాటతో తృప్తిపడి ఊరుకుంటే, మందు తియ్యగా ఉందని రోగి అన్నాడు కాబట్టి జబ్బు నయమైందని రాసుకున్నట్టే. పెంపకం సంగతి కూడా ఆవిడే తేల్చారు. ఆ కార్యకర్తలు రాసిపెట్టిన కాగితాల్లోంచే. తండ్రి ఇంట్లో లేకపోవడం కంటే తల్లి ఆప్యాయత, పిల్లవాడి మీద ఒక కన్ను, ఇంట్లో గొడవలు లేకపోవడం ముఖ్యమని 1979లో చూపారు.

పాత కార్యకర్త:
నేను రెండేళ్లు ఇలా ఇళ్లకు తిరిగాను. మా బండి సందు మలుపు తిరగగానే అరుగుల మీద కబుర్లు ఆగిపోయేవి. "మళ్లీ ఏం చేశాడు?" అని ఎవరో ఒకరు గట్టిగానే అడిగేవారు. ఒక తల్లి మాకు చాప వేసి, టీకి పాల కోసం పక్కింటికి పరుగెత్తేది. ఆలోగా వాడు పెరటి గుమ్మంలోంచి మాయం. మేము వెళ్లకపోతే ఆ వీధిలో వాడు మామూలు పిల్లవాడే కదా అని చాలాసార్లు అనిపించింది. అందుకే మెకార్డ్ లెక్కలు నాకు వింతగా తోచలేదు.

లెక్కల మాస్టారు:
అయితే సాయం మానేయాలంటారా?

గోదారి గట్టు:
ఏ సాయమో చూడమంటాను. 1999లో మెకార్డ్ మరో ఇద్దరితో కలిసి రాసిన వ్యాసంలో నష్టమంతా దాదాపు శిబిరాల దగ్గరే తేలింది. ఒకటికి మించి వేసవులు వెళ్లినవాళ్లే బాగా చెడ్డారు. తుంటరులను ఒకచోట చేర్చి, వాళ్ల గొప్పలకు వాళ్లనే శ్రోతలను చేస్తే ఇంకేమవుతుంది? మన 2015 బాల న్యాయ చట్టం కూడా పిల్లలను ఇంటికి దూరంగా బాలల గృహాల్లాంటి సంస్థల్లో ఉంచడం ఆఖరి మార్గమనే అంటోంది.

లెక్కల మాస్టారు:
శిబిరాల సంగతి ఒప్పుకున్నాను. చందాల సంగతి ఇంకా ఒప్పుకోలేదు.